చివరివారికి తొలి నీళ్లు

కాలాంజన శకం, ధూమ్ర సంవత్సరం, మార్గశిర బహుళ చతుర్దశి, అపరాహ్ణ సమయం. అంగారదుర్గపు దిగువ ప్రాకారంలో, పరుగుల ప్రాంగణాన కొలువైనవారు: సింహముఖాల గద్దె మీద మహారాజు కరాళకేసరి, ఆయన కుడివైపు పులితోలుపై, రెప్ప వాల్చని బూడిదరంగు కన్నులతో రాజమాంత్రికుడు భస్మనేత్రుడు, ఎడమవైపు ఒరపై చెయ్యి వేసుకుని దండనాయకుడు ఉద్దండుడు, మరునాటి దీపారోహణానికి ఎంపిక కోరి నిలిచిన పరుగువీరులు, వారి వెనుక పరివారజనం. ఆస్థాన కరణం బేతనామాత్యుడు ఈ మేరకు ఎలుగెత్తి చదివి, గొంతు సవరించుకుని కూర్చున్నాడు.

ప్రాంగణం మూలన నూనెకుండ పక్కన చతికిలబడిన గూని మర్దనగాడి పేరు ఆయన చదవలేదు. చదవవలసిన మనిషిగా వాడు ఎవరికీ తోచలేదు. వాడికి కావలసిందీ అదే.

కోటలో వాడిని చెన్నిగాడంటారు. వీపున ఉన్న గూని నిజానికి పాతగుడ్డల మూట. ఎడమకంటి పట్టీ కింద కన్ను నిక్షేపంలా ఉంది. గడ్డం తుమ్మజిగురు చలవ. అసలు పేరు గొంకయ ఒజ్జ. మందరవాడ పరుగుశాలకు గురువు. పరుగుశాల తలుపుకు తాళం వేసి, కొండలు, వాగులు దాటి ఆయన ఈ వేషంలో ఇక్కడికి చేరడానికి కారణం, ఇప్పుడు గీత దగ్గర నడుము వంచి నిలబడి ఉన్న ఒక ఆడపిల్ల.

ఆమె పేరు మైలమ. గొర్రెలకాపరి కూతురు. మేక ఒకటి రాజోద్యానంలో దూరిన నేరానికి ఆమె తమ్ముడు పోలుడిని అంగారదుర్గపు చెరసాలలో పడవేశారు. ఏటా మార్గశిర అమావాస్యనాడు, ఎంపికైన పరుగువీరుడొకరు వెలుగుతున్న దీపంతో కొండమెట్లు ఎక్కాలి. సూర్యుని చివరి కిరణం శిఖరాన్ని వీడేలోగా దీపం ఆరకుండా పైకి చేరితే, కోరిన వరం రాజు ఇచ్చి తీరాలి. ఆ మాట చెవిన పడిన మర్నాడే మైలమ పరుగుశాలలో కనబడలేదు. ముందురోజే గొంకయ ఆమె పిక్క ఎముక వాపు తడిమి చూసి, అది మానేదాకా పరుగు కట్టిపెట్టమని గట్టిగా చెప్పి ఉన్నాడు.

ఈ ఉదయం మర్దనగాడిగా ఆమె పాదాలు పట్టి చూశాడు. వాపు లేదు. వాపుతోపాటు వెచ్చదనమూ లేదు. చీలమండల దాకా వాగులోని బండరాయిని ముట్టుకున్నట్టుంది. చర్మం మీద నల్లటి తైలపు మెరుపు. వాచినచోట బొటనవేలితో నొక్కి చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది.

"నొప్పిగా లేదా తల్లీ?" అని గొంతు మార్చి అడిగాడు.

"నొప్పా? ఇక్కడికొచ్చాక అదెలా ఉంటుందో మర్చిపోయాను తాతా," అంది మైలమ. అలా అన్నప్పుడు ఆమె నవ్వలేదు, నిట్టూర్చనూ లేదు.

ఇంతలో భేరి మోగింది.

ప్రాంగణం అంచు నుంచే మొదలవుతుంది మెట్లదారి. కాటుకరంగు కొండ ఆకాశంలోకి దూసుకుపోయిన శూలంలా నిలిచి ఉంటే, దాని నడుముకు చుట్టుకున్న నాగంలా మెలికలు తిరుగుతూ మెట్లు పైకి పాకుతాయి. ఇరువైపులా మనిషెత్తు శిలాదీపస్తంభాలు. ప్రతి స్తంభమూ దోసిలి పట్టిన మనిషి ఆకారం; ప్రతి దోసిట్లోనూ నీలిమంట. ఆ మంట ఎండకు వెలవెలబోదు, వానకు ఆరదు, గాలికి ఊగదు. ఆ మంటలు వెలుగుతున్నంతకాలం ఏ శత్రుసేనా ఆ మెట్ల మీద అడుగు మోపలేదని ప్రతీతి. ఆ బొమ్మలు చెక్కిన శిల్పి ఎంత గొప్పవాడో! వేళ్ల గోళ్లు, మెడ నరాలు సైతం మలిచాడు. కాని ఒక్క ముఖానికీ చిరునవ్వు ఇవ్వలేదు.

ఎంపిక పరుగు మొదటి మలుపు దాకా వెళ్లి తిరిగి రావడం. ధూళి లేచింది. దీపాలు పట్టిన చేతులు బారులుగా కదిలాయి. ఒకరి దీపం మలుపు దగ్గరే ఆరింది. ఇంకొకడు వగరుస్తూ ఆగిపోయాడు. వారందరి ముందు మైలమ, గాలిలో తేలుతున్న ఆకులా, ఒక్క చెమటచుక్క లేకుండా వచ్చి గీత దాటింది. చేతిలో దీపశిఖ నిటారుగా ఉంది. జనం హోరెత్తారు. పూలు, రాజలాంఛనాలు, వింజామరలు, అన్నీ ఆమె చుట్టూ చేరాయి. మహారాజు సైతం గద్దె దిగాడు.

అందరికన్నా వెనక తిప్పడనే బక్కపలచని యువకుడు తూలుకుంటూ వచ్చి, గీతకు ఇవతలే మోకాళ్ల మీద కూలబడ్డాడు. దీపం దొర్లిపోయింది. ఎవరూ తల తిప్పలేదు.

గొంకయ ఒజ్జ లేచాడు. సొరకాయబుర్రలో నీళ్లు ముంచుకున్నాడు. గబగబా నడిచి తిప్పడి వెనక చేరి, వాడి తలను తన భుజానికి ఆనించుకుని, ముందు పెదవులు తడిపి, తరువాత కొద్దికొద్దిగా గుక్కలు పట్టించాడు. "నెమ్మదిగా నాయనా. ఊపిరి ముందు, నీళ్లు తరువాత. కళ్లు తిరుగుతున్నాయా? పొద్దున ఏమైనా తిన్నావా?"

"తిననివ్వలేదు," అన్నాడు తిప్పడు ఏడుపుగొంతుతో. "తింటే బరువెక్కుతానన్నారు."

"అలా అన్నవాడి తిండి మాన్పించాలి ముందు."

మందరవాడ పరుగుశాలలో తరతరాల ఆచారం అది. గురువు చేతి తొలి నీళ్లు చివర వచ్చినవారికి. గెలిచినవారు వరుసలో నిలబడి తమ వంతు దాకా ఆగాలి. గొంకయ తండ్రీ అలాగే పోశాడు, తాతా అలాగే పోశాడు. ఆ చెయ్యి వేషాన్ని మరిచిపోయింది.

పూలమాలల నడుమ నుంచి మైలమ అటు చూసింది. పరుగుశాలలో చేరిన తొలినాళ్లలో ఆమె రోజూ చివరనే వచ్చేది. తొలి నీళ్లు రోజూ ఆమెవే. ఆమె కనుబొమలు ఒక్కసారి ముడిపడి, మళ్లీ విడిపోయాయి.

అటు చూసినవాడు ఇంకొకడు ఉన్నాడు.

"దండనాయకా," అన్నాడు భస్మనేత్రుడు, గొంతు పెంచకుండానే. "గెలిచినవాళ్లను వదిలి ఓడినవాడి దగ్గరకు నీళ్లబుర్రతో పరుగెత్తే పిచ్చివాళ్లు ఈ భూమండలం మీద ఒకే ఇంట్లో పుడతారు. వాళ్ల ఊరు మందరవాడ. ఆ గూని విప్పించు."

గొంకయకు రెండో మాట వినవలసిన అవసరం కలగలేదు. తిప్పడిని నేల మీద పడుకోబెట్టి, ఒక్క ఉరుకులో మూలకు చేరి, కాలితో తన్ని నూనెకుండను దొర్లించాడు. నున్నటి రాతిపలకల మీద నూనె వరదలా పరుచుకుంది. ముందుకు ఉరికిన భటులు ఒకరి మీద ఒకరు పడి బల్లేలతో సహా జారుకుంటూ వెళ్లి వింజామరలవాళ్లను కూల్చారు.

"పట్టుకోండిరా! ఒరే చెన్నిగా, ఎక్కడికిరా పరుగు?" ఉద్దండుడి కేక ప్రాకారాలకు తగిలి తిరిగొచ్చింది.

గొంకయ అప్పటికే మైలమ మణికట్టు అందుకున్నాడు. "రా!" అన్నాడు తన సొంత గొంతుతో. ఎందుకని అడగకుండా ఆమె వెంట వచ్చింది. అడగకపోవడమే ఆయనకు భయం పుట్టించింది. మైలమ ఎదురుప్రశ్న వేయకుండా ఏ పనీ చేసిన పిల్ల కాదు.

దిగువ ద్వారం మూసుకుపోయింది. మిగిలింది మెట్లదారి. గూని మూట మెట్ల మీద ఊడిపడింది. గడ్డం ఒక చెంప నుంచి వేలాడుతోంది. ఆయన మోకాళ్లు అడుగడుగునా కలుక్కుమంటున్నాయి. మొదటి మలుపు తిరిగి, స్తంభాల వెనుక ఉన్న బండల సందులోకి ఆమెను లాగి నక్కాడు. సందు అంచున కొండ నిట్టనిలువుగా తెగిపోయి ఉంది. అడుగున దుర్గపు అగడ్త నల్లగా మెరుస్తోంది. దూకితే ఈదవచ్చు, ఈది అవతలి అడవిలో కలవవచ్చు.

అప్పుడు ఎదుటి స్తంభం ముఖం చూశాడు. గడ్డం మీద నెలవంక ఆకారపు గాటు. ఆ గాటు ఆయనకు తెలుసు. మొగిలిపాటి దొడ్డన! అంగారదుర్గంలో దీపం గెలిచాడని కబురు రాగానే ఆ పిల్లవాడి గురువు ఏనుగెక్కి ఊరంతా చక్కెర పంచాడు. దొడ్డన రాజసేవలో ఉండిపోయాడని అందరూ అనుకున్నారు. దొడ్డన ఇక్కడే ఉన్నాడు, దోసిలి పట్టుకుని.

ఆ పక్క స్తంభం, ఆ పైది, దాని పైది. ఇవి ఏ శిల్పీ చెక్కిన బొమ్మలు కావు.

గొంకయ చూస్తుండగానే, ఏ గాలికీ ఊగని ఆ నీలిమంటలు ఒక్కొక్కటే వంగాయి. ప్రతి శిఖా వేలు చూపించినట్టు ఆయన దాగిన సందువైపే వాలింది.

"కదులు మైలమా!"

ఆమె కదిలింది. రాతి మీద ఆమె మడమ పడినప్పుడు వచ్చింది మాంసం చప్పుడు కాదు. సన్నికల్లు మీద పొత్రం తగిలిన చప్పుడు. టక్. టక్. కింద భటులు ఆ చప్పుడు పట్టుకుని పైకి ఎక్కుతున్నారు.

గొంకయ అగడ్తలోకి ఒకసారి, ఆమె పాదాల్లోకి ఒకసారి చూశాడు. ఈ రాతిపాదాలతో దూకితే ఆమె ఇక తేలదు. మణికట్టు వదిలి, చేతులు రెండూ పైకెత్తి, సందులో నుంచి బయటికి వచ్చాడు.

"గూని ఎక్కడ పారేసుకున్నావురా ముసలోడా?" అని ఒక భటుడు వెక్కిరిస్తూ ఆయన మెడ మీద బల్లెం ఆనించాడు. ఇంకొకడు వేలాడుతున్న గడ్డం పీకి తన చుబుకానికి అతికించుకున్నాడు. అందరూ నవ్వారు. మైలమ నవ్వలేదు.

ప్రాంగణంలో మహారాజు మళ్లీ గద్దె ఎక్కాడు. భస్మనేత్రుడు మాత్రం ఎదురొచ్చి, పాత చుట్టాన్ని పలకరించినట్టు చేతులు జోడించాడు.

"రండి ఒజ్జగారూ! మీ కోసం ఈ రాత్రే పల్లకి పంపాలనుకున్నాం. మీరే నడిచి వచ్చారు. శ్రమ తప్పించారు."

"నాతో నీకేం పని?"

"పని కాదు, చిన్న లాంఛనం. దుర్గం కట్టిననాటి శాసనం ఒకటుంది. దీపం పట్టేవారికి తొలి అడుగు నేర్పిన గురువు, తన శిష్యుల దేహం, మనసు రెండూ కుశలమని చేవ్రాలు పెట్టాలి. అది పడకపోతే ఆరోహణపు దీపం అంటుకోదు. ఇంతవరకూ వచ్చిన గురువులందరూ పూలదండలు వేయించుకుని సంతోషంగా పెట్టి వెళ్లారు. శిష్యుడు గెలుస్తుంటే కాదనే గురువు ఎక్కడుంటాడు చెప్పండి!"

"ఆ శిష్యులు మెట్ల మీద నిలబడి ఉన్నారు."

"కీర్తిశిఖరం ఎక్కినవాళ్లకు దిగే పని ఏముంది?" అన్నాడు భస్మనేత్రుడు.

కరణం బేతనామాత్యుడు కాగితం, రెల్లుకలం, సిరాబుడ్డి తెచ్చి చిన్న పీట మీద అమర్చాడు.

మైలమ ముందుకు వచ్చింది. "పెట్టండి ఒజ్జయ్యా," అంది. "నాకు అలుపు లేదు, నొప్పి లేదు. రేపు ఇంకా వేగంగా ఎక్కుతాను."

"ఎన్నాళ్లయింది తల్లీ నువ్వు కడుపునిండా నిద్రపోయి?"

"నిద్ర రాదు. అవసరం లేదన్నారు."

"ఆకలి?"

"లేదు." తన కాలి వైపు చూసుకుంది. "ఆనాడు మీరు నా పిక్క చూశారు గాని, నా మనసులో ఏముందో అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని."

"నిజమే. ఇప్పుడు అడుగుతున్నాను. ఎందుకొచ్చావు ఇక్కడికి?"

"దీపం గెలవడానికి."

"గెలిచి, శిఖరం మీద నిలబడి, మహారాజును ఏ వరం కోరతావు?"

మైలమ నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఎవరో ఇల్లంతా ఊడ్చుకుపోయాక గడపలో నిలబడినట్టు, తన లోపలే ఏదో వెతుక్కుంటూ నిలబడింది.

"ఒకటి... ఉంది ఒజ్జయ్యా. కోరాల్సింది ఒకటుంది. తెలుసు నాకు. అది..." ఆమె కళ్లలోకి నీళ్లు రావలసిన చోట ఏమీ రాలేదు. "ఎవరిదో ముఖం. చిన్న ముఖం."

గొంకయ మాంత్రికుని వైపు తిరిగాడు. "వరం కోరిన విజేత ఇంతవరకూ ఒక్కడైనా ఉన్నాడా?"

మహారాజు గద్దె చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"నీ తైలం నొప్పిని ఒక్కదాన్నే తీసి ఊరుకోదు," అన్నాడు గొంకయ. "నొప్పి ఎక్కడుందో అక్కడే మమకారమూ ఉంటుంది. రెంటినీ తోడేస్తుంది. అందుకే ఈ కోటకు ఏ వరమూ ఇవ్వవలసిన గతి పట్టలేదు. అమాత్యా! శాసనం సగమే విన్నాను. మిగతాది చదవండి."

"మిగతాది అనవసరం!" భస్మనేత్రుడు పులితోలు మీద నుంచి లేచాడు.

బేతనామాత్యుడు రాజు వైపు చూశాడు. శాసనం అడిగినవారికి వినిపించకపోతే ఆ క్షణమే స్తంభదీపాలు ఆరిపోతాయని ఆ గద్దె మీద కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. కరాళకేసరి అయిష్టంగా తల ఊపాడు.

కరణం కళ్లు మూసుకుని కంఠస్థంగా వల్లించాడు. "శిష్యులు కుశలం కారని గురువు చేవ్రాలు పెట్టిన పక్షాన, వారిపై దుర్గానికి హక్కు లేదు. వారి దీపాన్ని గురువే, ఏ తైలమూ ఒంటికి తగలకుండా, మోయవలెను. శిఖరం చేరినచో వరం ఆయనది. నడుమ దీపం ఆరినచో, ఆరిన మెట్టు మీదనే ఆయన శిలగా నిలువవలెను."

ఉద్దండుడు పకపకా నవ్వాడు. "ఈయనా? మొదటి మలుపుకే మోకాళ్లు పట్టేసిన మనిషి! రేపు సూర్యుడు ఈయన కోసం ఆగాలి కాబోలు."

"మోకాళ్లు నొస్తున్నాయి నాయనా, అబద్ధమెందుకు?" అన్నాడు గొంకయ. "నొస్తున్నంతసేపూ నేనెందుకు ఎక్కుతున్నానో నాకు గుర్తుంటుంది."

"ఆలోచించుకో ఒజ్జా," అన్నాడు భస్మనేత్రుడు. బూడిదకన్నులు ఇప్పుడు చాలా దగ్గరగా ఉన్నాయి. "పైమెట్ల మీద ఏమేం కాపు కాస్తున్నాయో నీకు తెలియదు. నా తైలం లేకుండా వాటిని దాటిన కాలు పుట్టలేదు. కుశలమని ఒక్క మాట రాయి. నీ పరుగుశాలకు బంగారు గోపురం కట్టిస్తాను."

గొంకయ ఒజ్జ పీట ముందు కూర్చుని కలం అందుకున్నాడు. ఒక్కొక్క అక్షరాన్నీ నిలిపి నిలిపి రాశాడు: మందరవాడ మైలమ దేహము కుశలము కాదు. మనసు కుశలము కాదు. ఆమె దీపము నేను మోసెదను. కింద తన పేరు, తండ్రి పేరు రాసి, చివరి గీత గీశాడు.

"అబ్బా!"

మైలమ పిక్క పట్టుకుని నేల మీద కూలబడింది. నల్లతైలం ఆమె పాదాల నుంచి పగిలిన పెంకులా రాలిపోతోంది. వాపు పొంగింది. అణిగి ఉన్న నొప్పి అంతా ఒక్కసారిగా ముంచుకొచ్చేసరికి ఆమె గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపులోంచే కేక పుట్టింది.

"పోలా! ఒజ్జయ్యా, పోలుడు! నా తమ్ముడు! వాడి కోసం వచ్చాను!"

గొంకయ సొరకాయబుర్ర అందుకున్నాడు. ఈ పూట అందరికన్నా వెనకబడింది ఆమే. ఆమె పెదవులు తడిపి, గుక్క గుక్కగా నీళ్లు పట్టించాడు. తిప్పడు పాక్కుంటూ వచ్చి ఆమె తలకు తన తువ్వాలు ఆసరా పెట్టాడు.

భస్మనేత్రుడు వేలితో సైగ చేశాడు. రాతిపనివాడొకడు జనంలో నుంచి వచ్చి, గొంకయను నిటారుగా నిలబెట్టి, రేపటి దీపస్తంభానికన్నట్టు మడమ నుంచి నడినెత్తి దాకా కొలతాడు పట్టి, అక్కడ ముడి వేసుకుని, తల వంచుకుని వెళ్లిపోయాడు. కొండ మీద నీలిమంటలు ఇంకా ఆయనవైపే వంగి ఉన్నాయి. శిఖరం వైపు నుంచి, మేఘాల వెనుక, బరువైనదేదో రాతి మీద ఈడ్చుకుంటూ పక్కకు తిరిగిన చప్పుడు వినిపించింది. ఉద్దండుడి నవ్వు ఆగింది.

బేతనామాత్యుడు కాగితం మీద ఇసుక చల్లి, ఊదాడు. చేవ్రాలు ఆరిందని వేలికొసతో చూసుకుని, నిలువుగా ఒక మడత, అడ్డంగా ఒక మడత పెట్టాడు. గద్దె పక్కన, చేవ్రాళ్లు దాచే కంచుసింహం నోట్లో దాన్ని మోచేతి లోతున ఉంచి, చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. సింహం కోరలు మెల్లగా మూసుకున్నాయి.